డగ్లస్ స్లోకోంబ్: గోబెల్స్ సభ నుంచి ఇండియానా జోన్స్ దాకా ఒకే కెమెరామన్

కృష్ణాతీరం రాశారు:

ఇండియానా జోన్స్ మొదటి మూడు సినిమాలూ మనలో చాలామంది ఏదో ఒక వయసులో చూసే ఉంటారు. హీరో పేరు అడిగితే చెప్తారు, డైరెక్టర్ పేరు చెప్తారు, మ్యూజిక్ ఎవరిదో కూడా చెప్తారు, కెమెరా ఎవరిదంటే మాత్రం ఆగిపోతారు. ఆయన పేరు డగ్లస్ స్లోకోంబ్. మన భాషలో ఆయన గురించి వివరంగా రాసింది నాకు ఎక్కడా కనపడలేదు, అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నా.

1913లో లండన్‌లో పుట్టాడు, పెరిగింది మాత్రం పారిస్‌లో, ఎందుకంటే తండ్రి జార్జ్ స్లోకోంబ్ అక్కడ బ్రిటిష్ పత్రికలకి విలేకరి. కొడుకు కూడా ముందు ఆ దారే పట్టి ఫొటో జర్నలిస్టు అయ్యాడు. సినిమా కెమెరా చేతికొచ్చింది 1939లో, అదీ స్టూడియోలో కాదు, యుద్ధం ముంచుకొస్తున్న పోలండ్ వైపు. అక్కణ్ణించి లండన్‌లోని ఈలింగ్ స్టూడియో కామెడీలు, 1960ల బ్రిటిష్ సినిమా, 1970ల హాలీవుడ్, చివరికి స్పీల్‌బర్గ్. ఇండియానా జోన్స్ మొదటిది, రైడర్స్ ఆఫ్ ద లాస్ట్ ఆర్క్, తీసేనాటికి ఆయనకి 67 ఏళ్ళు. మూడోది, ద లాస్ట్ క్రూసేడ్, 1989లో వచ్చింది, అదే ఆయన ఆఖరి సినిమా. 2016లో పోయేనాటికి 103 ఏళ్ళు. మూడు బాఫ్టాలు (బ్రిటిష్ సినిమా అవార్డులు) వచ్చాయి, ఆస్కార్‌కి మూడుసార్లు నామినేట్ అయ్యాడు, ఒక్కటీ రాలేదు.

ఇంత సుదీర్ఘమైన కెరీర్‌లో ఆయన్ని గొప్పవాణ్ణి చేసిన సినిమా ఏదనుకుంటున్నారు? నా ఓటు ద లయన్ ఇన్ వింటర్‌కి. కారణం తర్వాత రాస్తా, ముందు మీరు చెప్పండి.

ఫోకస్_రింగ్ రాశారు:

మంచి పని చేశారండీ. నేను కెమెరా అసిస్టెంట్‌ని, హైదరాబాద్‌లోనే పని. నా ఓటు కళ్ళు మూసుకుని కైండ్ హార్ట్స్ అండ్ కొరొనెట్స్ (1949)కి, అందులోనూ ఒకే ఒక్క షాట్‌కి.

ఆ సినిమాలో అలెక్ గిన్నెస్ ఒక్కడే డాస్కోయిన్ కుటుంబం వాళ్ళు ఎనిమిది మందిగా వేశాడు. చర్చిలో అంత్యక్రియల సీన్‌లో అందులో ఆరుగురు ఒకే ఫ్రేములో కూర్చుని కనపడతారు. మన దగ్గర ద్విపాత్రాభినయం సినిమాల్లో మాస్క్ షాట్ అందరికీ తెలిసిందే, ఫ్రేములో సగం మూసి ఒకసారి, ఆ సగం తెరిచి రెండోదాన్ని మూసి ఇంకోసారి తీస్తారు. ఇక్కడ అదే పని ఆరుసార్లు చెయ్యాలి. లెన్స్ ముందు నల్లటి మాస్క్ పెట్టి, ఒక మనిషి కూర్చునే చోటు మాత్రమే తెరిచి తీసి, ఫిల్మును సరిగ్గా మొదలైన ఫ్రేము దగ్గరికి వెనక్కి తిప్పి, గిన్నెస్ మేకప్, బట్టలు మార్చుకుని వచ్చాక మాస్క్‌లో ఆ పక్క చోటు తెరిచి మళ్ళీ తీస్తారు. అంతా ఒకే నెగెటివ్ మీద. ల్యాబ్‌లో ప్రింట్ల మీద ప్రింట్లు వేసి అతికించింది కాదు, అందుకే ఆ షాట్ మిగతా సీన్ అంత శుభ్రంగా ఉంటుంది. కానీ అందులో ఉన్న ప్రమాదం కూడా అదే. అయిదుసార్లు బ్రహ్మాండంగా వచ్చి ఆరోసారి కెమెరా వెంట్రుకవాసి కదిలినా, ఒక్క ఫ్రేము లెక్క తప్పినా, మొత్తం పోయినట్టే, మళ్ళీ మొదటి గిన్నెస్ నుంచి తియ్యాలి.

ఒక్కో వేషానికి మేకప్ గంటలు పట్టేది కాబట్టి పని ఒక్కరోజులో అయ్యేది కాదు. రాత్రి ఎవరైనా చీకట్లో వచ్చి ట్రైపాడ్‌కి తగులుకుంటారేమోనని స్లోకోంబ్ ఆ సెట్‌లోనే, కెమెరా పక్కనే పడుకున్నాడు. అసిస్టెంటుని కాపలా పెట్టి ఇంటికి వెళ్ళొచ్చు కదా, వెళ్ళలేదు. నాకు ఆయన మీద గౌరవం మొదలైంది అక్కడే.

సుజాత_లండన్ రాశారు:

ఫోకస్_రింగ్ గారూ, ఆ షాట్ గురించి తెలుసు గానీ ఇంత వివరంగా తెలీదు, ధన్యవాదాలు. నేను మాత్రం ఇంకా వెనక్కి, 1939కి వెళ్తాను, ఎందుకంటే తర్వాత ఆయన చేసిన పనంతా నాకు అక్కణ్ణించే అర్థమవుతుంది.

డాంజిగ్ అని బాల్టిక్ ఒడ్డున ఒక నగరం, ఇప్పుడు పోలండ్‌లో గ్‌దాన్‌స్క్. అప్పట్లో అది ఏ దేశం కిందా లేని స్వేచ్ఛా నగరం, లోపల మాత్రం నాజీల పెత్తనం. అక్కడ గొడవ ముదురుతోందని పేపర్లో చూసి స్లోకోంబ్ స్టిల్ కెమెరా తీసుకుని వెళ్ళిపోయాడు. యూదుల దుకాణాల మీద దాడులు, గోడల మీద రాతలు, ఊరేగింపులు ఫొటోలు తీశాడు. ఆ ఫొటోలు చూసి హెర్బర్ట్ క్లైన్ అనే అమెరికన్ డాక్యుమెంటరీ దర్శకుడు, మళ్ళీ వెళ్ళు, ఈసారి మూవీ కెమెరాతో వెళ్ళు అన్నాడు. ఆ సినిమానే లైట్స్ అవుట్ ఇన్ యూరప్.

అప్పుడు హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ సభలో తీస్తుంటే జరిగింది ఆయనే వందేళ్ళు దాటాక కూడా చెప్పేవాడు. చేతిలో ఉన్నది ఐమో, స్ప్రింగ్ తిప్పి నడిపే కెమెరా, చప్పుడు ఎక్కువ. ప్రసంగం మధ్యలో అది గట్టిగా మోగేసరికి గోబెల్స్ ఆగిపోయాడు, హాలు నిండా ఉన్న యూనిఫారాలన్నీ వెనక్కి తిరిగి ఈయన్నే చూశాయి. తర్వాత తగలబడుతున్న యూదుల ప్రార్థనా మందిరాన్ని తీసినందుకు అరెస్టు చేసి ఒక రాత్రి లోపల పెట్టారు.

సెప్టెంబర్‌లో జర్మనీ పోలండ్ మీద పడ్డప్పుడు క్లైన్, ఈయన వార్సాలో ఉన్నారు. బయటపడదామని ఎక్కిన రైలు మీద జర్మన్ విమానాలు కాల్పులు జరిపాయి, ఒక అమ్మాయి వాళ్ళ కళ్ళముందే చనిపోయింది. తర్వాత గుర్రబ్బండి కొనుక్కుని, ఫిల్ము డబ్బాలు దాంట్లో వేసుకుని, ఎలాగో లాత్వియా చేరి అక్కణ్ణించి స్వీడన్ మీదుగా ఇంటికి వచ్చారు.

అప్పటికి ఆయన వయసు 26. ఇంకా ఒక్క సినిమా సెట్‌కి కూడా లైటింగ్ చెయ్యలేదు.

నైట్‌షో రాశారు:

వ్యక్తి జీవితం గొప్పది, ఒప్పుకుంటా. గిన్నెస్ షాట్ గొప్పది, అదీ ఒప్పుకుంటా. కానీ నాకు ఒక అభ్యంతరం ఉంది, సూటిగా చెప్తున్నా. పేరున్న కెమెరామన్లని తీసుకోండి. స్తొరారో తీసిన ఫ్రేము ఒకటి చూపిస్తే పేరు చూడకుండా చెప్పేయొచ్చు. గోర్డన్ విల్లిస్ చీకటి చెప్పేయొచ్చు. ఫ్రెడ్డీ యంగ్ ఎడారి చెప్పేయొచ్చు. స్లోకోంబ్ సినిమాల్లోంచి పది ఫ్రేములు తీసి పక్కపక్కన పెడితే పది మంది తీశారంటారు. సొంత ముద్ర లేదు. స్టూడియో మనిషి, చెప్పిన పని చక్కగా చేసిపెట్టాడు. మంచి పనివాడికీ గొప్ప ఛాయాగ్రాహకుడికీ తేడా ఉందని నా ఉద్దేశం.

మద్రాస్_మెయిల్ రాశారు:

నైట్‌షో గారూ, మీ మాటలో సగం నిజం ఉంది కాబట్టే జవాబు కాస్త పొడుగ్గా రాస్తున్నాను. నేను మద్రాసు స్టూడియోల్లో లైట్ల కింద బతికినవాణ్ణి, ఈ ప్రశ్న మా రోజుల్లో కూడా ఉండేది.

పది ఫ్రేములు పది మంది తీసినట్టు ఉంటాయన్నారు. నిజమే. అదే ఆయన పని. ఈలింగ్‌లో ఆయన ఎలాంటివి తీశాడో చూడండి. డెడ్ ఆఫ్ నైట్ (1945) దెయ్యాల సినిమా, స్టాన్ పేవీతో కలిసి తీశాడు. హ్యూ అండ్ క్రై (1947) బాంబులు పడి కూలిపోయిన నిజమైన లండన్ వీధుల్లో పిల్లలతో తీసింది, దాదాపు న్యూస్‌రీల్ లాగే ఉంటుంది. అదే ఏడాది ఇట్ ఆల్వేస్ రెయిన్స్ ఆన్ సండే, తూర్పు లండన్ పేద ఇళ్ళు, వాన, రాత్రి రైల్వే యార్డు. మరుసటి ఏడాది శారాబాండ్ ఫర్ డెడ్ లవర్స్, ఈలింగ్ వాళ్ళ మొదటి కలర్ సినిమా, రాజుల కథ. అప్పట్లో టెక్నికలర్ అనే కలర్ పద్ధతిలో తియ్యాలంటే సెట్ నిండా వెలుగు నింపెయ్యాలి, రంగులు మెరిసిపోవాలి, కంపెనీ సలహాదారులు పక్కనే నిలబడి చూసేవాళ్ళు. ఈయన ఆ సినిమాని నీడల్లో తీశాడు, రంగుని అణిచిపెట్టి తీశాడు. స్టూడియో చెప్పిన పని చేసిపెట్టేవాడు అలా చెయ్యడు కదా?

ఆ తర్వాత కైండ్ హార్ట్స్, ద మ్యాన్ ఇన్ ద వైట్ సూట్, ద లావెండర్ హిల్ మాబ్. ఈ మూడోదాంట్లో ఈఫిల్ టవర్ మెలికల మెట్ల మీద ఇద్దరు పరిగెత్తుకుంటూ దిగే ఘట్టం చూడండి, చూసేవాడికి కళ్ళు తిరగాలి, తిరుగుతాయి. 1955లో ఈలింగ్ స్టూడియోని బీబీసీకి అమ్మేశారు. ఈలింగ్‌లోనే పెరిగిన చాలామందికి అక్కడితో పని తగ్గిపోయింది. స్లోకోంబ్ అసలు కెరీర్, నన్నడిగితే, అక్కడ మొదలైంది. అప్పటికి నలభై దాటాయి.

1963లో దర్శకుడు జోసెఫ్ లోసీతో ద సర్వెంట్. బ్లాక్ అండ్ వైట్. ఒక ఇల్లు, ఒక యజమాని, ఒక నౌకరు. కథ మొదట్లో ఇల్లు తెల్లగా, శుభ్రంగా, వెలుగుతో ఉంటుంది. నౌకరు పెత్తనం పెరిగేకొద్దీ అదే గదిలోకి నీడలు వచ్చి కూర్చుంటాయి, మెట్ల మీద కటకటాల నీడలు, అద్దాల్లో వంకర తిరిగిన మనుషులు. ఫలానా చోట మారిందని వేలు పెట్టి చూపించలేం, కానీ చివరికి వచ్చేసరికి అది మొదట్లో చూసిన ఇల్లు కాదు. మొదటి బాఫ్టా దానికే వచ్చింది.

ఇక సొంత ముద్ర మాటకొస్తే, స్తొరారో వంటివాడు కథని తన రంగుల్లోకి లాక్కుంటాడు, అదీ గొప్పే. ఈయన కథ ఉన్న చోటికి తాను వెళ్తాడు. రెండోది చెయ్యడం తేలికని మీకు అనిపిస్తే ఒక ఏడాదిలో మూడు రకాల సినిమాలకి లైటింగ్ చేసిచూడమని నా మనవి.

నైట్‌షో రాశారు:

ద సర్వెంట్ చూడలేదు, తప్పకుండా చూస్తాను. అయినా నా అభ్యంతరం పూర్తిగా పోలేదు. ద గ్రేట్ గాట్స్‌బీ (1974)కి కూడా బాఫ్టా ఇచ్చారు. ఆ సినిమా నిండా లెన్స్ మీద నెట్ కట్టినట్టు మసక, ప్రతి నగా మెరుస్తుంది, ప్రతి ముఖం చుట్టూ వెలుగు చక్రం. రెండు గంటలు అలా చూస్తే విసుగొస్తుంది. అది కథ ఉన్న చోటికి వెళ్ళడం ఎలా అవుతుంది?

కృష్ణాతీరం రాశారు:

గాట్స్‌బీ విషయంలో నేనూ నైట్‌షో గారి వైపే. ఆ మసక మొదటి పార్టీ దాకా బాగుంటుంది, తర్వాత మనుషులు కనపడటం మానేస్తారు. అయితే ఆ తప్పు కెమెరాది ఒక్కటే అనను, ఆ సినిమా మొత్తం బట్టల మీద, ఇళ్ళ మీద పెట్టిన శ్రద్ధ మనుషుల మీద పెట్టలేదు.

ద లయన్ ఇన్ వింటర్ (1968) ఎందుకో చెప్తానన్నాను. 1183, క్రిస్మస్, ఫ్రాన్స్‌లో ఇంగ్లండ్ రాజుగారి కోట. రాజు, రాణి, ముగ్గురు కొడుకులు, అందరూ ఒకరి గొంతు ఒకరు కోసుకోడానికి సిద్ధంగా ఉంటారు. పీటర్ ఓటూల్, క్యాథరిన్ హెప్‌బర్న్, ఇంకా కుర్రాడైన ఆంథొనీ హాప్కిన్స్. సినిమా అంతా మాటలే, నాటకం నుంచి తీసింది కాబట్టి. ఐర్లండ్‌లో ఆర్డ్‌మోర్ స్టూడియోలో కొంత, ఫ్రాన్స్‌లో మోంమాజూర్ మఠంలో, ఇంకా నిజమైన కోటల్లో కొంత తీశారు.

అంతకుముందు హాలీవుడ్‌లో రాజుల సినిమా అంటే ధగధగ మెరిసే దర్బారు. ఇందులో కోట చలిగా ఉంటుంది. రాళ్ళ మీద తడి కనపడుతుంది, కుక్కలు, కోళ్ళు, బురద, రాణిగారి గదిలో కూడా వెలుగు ఒక కిటికీలోంచో, కొవ్వొత్తుల్లోంచో, కాగడాల్లోంచో మాత్రమే వస్తున్నట్టు ఉంటుంది. హెప్‌బర్న్ అద్దం ముందు తన ముఖం చూసుకునే సీన్‌లో ఆమె ముడతల్ని దాచలేదు, అట్లాగని పట్టి చూపించనూ లేదు. అంత పెద్ద నటి, అప్పటికి అరవై దాటింది, ఆ ముఖం మీద లైట్ ఎక్కడ పడాలో తేల్చుకోవడం చిన్న విషయం కాదు. ఆమెకి ఆస్కార్ వచ్చింది. స్లోకోంబ్‌కి నామినేషన్ కూడా రాలేదు, ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఫోకస్_రింగ్ రాశారు:

వెలుగుని కొలిచే లైట్‌మీటర్ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? రైడర్స్‌కి పనిచేసినవాళ్ళు చెప్పినదాని ప్రకారం ఆ షూటింగ్ మొత్తంలో ఆయన మీటర్ వాడగా చూడలేదు. చెయ్యి చాపి, అరచేతి మీద తన బొటనవేలి నీడ ఎంత గాఢంగా పడుతోందో చూసి, అపర్చర్ (లెన్స్ ఎంత తెరవాలన్నది) ఎంత పెట్టాలో అసిస్టెంటుకి చెప్పేసేవాడట.

ఇది వినగానే చాలామంది మాయాజాలంలా చెప్తారు. పనిచేసేవాళ్ళకి ఇందులో ఉన్న లాజిక్ వేరు. ముఖం మీద పడే మెయిన్ లైట్‌కీ నీడ వైపుకీ ఎంత తేడా ఉందన్నదే ఎక్స్‌పోజర్‌లో అసలు ప్రశ్న. అరచెయ్యి చర్మం రంగు మారదు, దాని మీద వేలి నీడ చూస్తే ఆ తేడా కనపడిపోతుంది. దానికి నలభై ఏళ్ళు ఒకే పని చేసిన కన్ను తోడయితే సరిపోతుంది. న్యూస్ కెమెరామన్‌గా మొదలయ్యాడు కదా, గోబెల్స్ ఎదురుగా నిలబడి మీటర్ తీసి కొలుచుకునే తీరిక ఎవడికుంటుంది?

ఇంకొకటి, ఆయన ఒంటరిగా చేసిన పని కాదిది. బ్రిటన్‌లో అప్పటి పద్ధతి ప్రకారం ఛాయాగ్రాహకుణ్ణి లైటింగ్ కెమెరామన్ అనేవాళ్ళు. ఆయన లైటింగ్ చూస్తాడు, కెమెరా వెనక కన్ను పెట్టి తీసేది ఆపరేటర్, మన దగ్గర టైటిల్స్‌లో ఆపరేటివ్ కెమెరామన్ అని వేసేవాళ్ళు చూడండి, అలాగ. రైడర్స్‌కి ఆ ఆపరేటర్ చిక్ వాటర్సన్, ఫోకస్ పట్టింది రాబిన్ విడ్జన్. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఈయనతోనే ఉన్నవాళ్ళు. విడ్జన్ తర్వాత తనే ఛాయాగ్రాహకుడయ్యాడు. సెకండ్ యూనిట్ (ప్రధాన యూనిట్‌తో కాకుండా విడిగా తీసే షాట్లు) తీసింది పాల్ బీసన్, ఆయన కూడా ఈలింగ్ రోజుల నుంచి తెలిసినవాడే. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి ట్యునీషియా ఎండలో, పరిగెత్తే గుర్రాలూ లారీల మధ్య అంత వేగంగా పని చేయగలిగాడంటే ఈ జట్టు వల్ల కూడా.

వేణు_విజయవాడ రాశారు:

నేను టెక్నికల్ మనిషిని కాదు, ఒక చిన్న సంగతి. ఇండియానా జోన్స్ రెండో సినిమా టెంపుల్ ఆఫ్ డూమ్ (1984)లో విలన్ మన అమ్రీష్ పురి. జగదేకవీరుడు అతిలోకసుందరి మాంత్రికుడిగా మన వాళ్ళందరికీ తెలిసిన ఆయనే. ఆ నేలమాళిగ గుడిలో కింద నిప్పుల గుండం, ఆయన గుండు మీద ఎర్ర వెలుగు, చిన్నప్పుడు ఆ సీన్ చూసి చాలా భయపడ్డాను. అది తీసింది కూడా ఈయనేనా?

కృష్ణాతీరం రాశారు:

అవునండీ, ఆయనే. మూడూ ఆయనే. కథ ఇండియాలో జరుగుతుంది గానీ మన ప్రభుత్వం స్క్రిప్టు చూసి అనుమతి ఇవ్వలేదు, ఇవ్వకపోవడం సరైనదే అని నా అభిప్రాయం, ఆ కథలో మన వాళ్ళని చూపించిన తీరు చాలా అన్యాయం. దాంతో ఊరి సీన్లు శ్రీలంకలో క్యాండీ దగ్గర తీసి, గుడి లోపలిదంతా ఇంగ్లండ్‌లో ఎల్‌స్ట్రీ స్టూడియోలో సెట్ వేశారు. మీరు చెప్పిన ఆ ఎర్ర వెలుగు కింద నుంచి పైకి కొడుతుంది, ముఖం మీద నీడలన్నీ తిరగబడతాయి, భయం పుట్టేది అందుకే. కథ ఎలాంటిదైనా ఆ వెలుగు మాత్రం మరిచిపోలేం.

సుజాత_లండన్ రాశారు:

ఇండియా మాట వచ్చింది కాబట్టి. స్లోకోంబ్ నిజంగా ఇండియాలో తీశాడు, అదీ స్పీల్‌బర్గ్‌కే, రైడర్స్ కంటే ముందు. క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ద థర్డ్ కైండ్ (1977)లో వేలమంది కూర్చుని ఒక రాగం పాడుతూ, ఎక్కణ్ణించి విన్నారని అడిగితే అందరూ ఒక్కసారిగా వేళ్ళు ఆకాశం వైపు చూపించే సీన్ ఉంది కదా. బొంబాయి దగ్గర హాల్ అనే ఊళ్ళో తీశారు. ఆ సినిమాకి ప్రధాన ఛాయాగ్రాహకుడు విల్మోస్ జిగ్మండ్, కానీ ఇండియా భాగం స్లోకోంబ్‌ది. స్పీల్‌బర్గ్‌తో పరిచయం అక్కడే కుదిరింది.

ఇప్పుడు ఆస్కార్ సంగతి చూడండి. అదే ఏడాది ఈయన తీసిన జూలియాకి నామినేషన్ వచ్చింది. అవార్డు ఎవరికి వెళ్ళింది? క్లోజ్ ఎన్‌కౌంటర్స్‌కి, జిగ్మండ్‌కి. అంటే తాను కూడా కొంత తీసిన సినిమా చేతిలోనే ఓడిపోయాడు. మిగతా రెండుసార్లూ పోటీ గట్టిదే: ట్రావెల్స్ విత్ మై ఆంట్ తీసిన ఏడాది క్యాబరేతో జెఫ్రీ అన్స్‌వర్త్ గెలిచాడు, రైడర్స్ ఏడాది రెడ్స్‌తో స్తొరారో. జిగ్మండ్ గెలుపు అన్యాయమని నేను అనను. కానీ జూలియా మాత్రం మీరంతా చూడాలి, మూడో బాఫ్టా దానికే.

ఫ్రెడ్ జిన్నెమన్ దర్శకుడు, తల్లిదండ్రుల్ని నాజీల మారణకాండలో పోగొట్టుకున్నవాడు. కథలో ఒక అమెరికన్ రచయిత్రి నాజీల బెర్లిన్ మీదుగా రైల్లో రహస్యంగా డబ్బు తీసుకెళ్తుంది. ఆ రైలు పెట్టెలో జేన్ ఫాండా ముఖం మీద పడే వెలుగు, ప్లాట్‌ఫారం మీద పొగ, యూనిఫారాలు, అసలు ఎవరూ గట్టిగా మాట్లాడరు, అయినా ఊపిరి బిగబట్టి చూస్తాం. ఈ కెమెరామన్ 26 ఏళ్ళ వయసులో ఆ యూనిఫారాల మధ్య నిజంగా నిలబడ్డాడు, పారిపోతూ రైల్లో చావు చూశాడు.

ద లాస్ట్ క్రూసేడ్‌లో బెర్లిన్‌లో పుస్తకాలు తగలబెట్టే ఘట్టం కూడా అంతే. బకింగ్‌హామ్‌షైర్‌లో స్టో అనే పాత భవనం ముందు తీశారు. సినిమా అది సరదాగానే సాగుతుంది, హిట్లర్ ఆటోగ్రాఫ్ పెట్టడం లాంటివి ఉంటాయి. కానీ ఆ మంట, దాని ముందు నల్లగా కదిలే మనుషులు, వెనక జెండాలు, అవి తమాషా కోసం తీసినట్టు ఉండవు. డాంజిగ్‌లో నిజం మంటని తీసి జైల్లో పడ్డవాడు యాభై ఏళ్ళ తర్వాత అలాంటి మంటనే సెట్ మీద వెలిగించి తీశాడు. ఆయనకి ఏమనిపించి ఉంటుందోనని నేను చాలాసార్లు ఆలోచించాను.

నైట్‌షో రాశారు:

సుజాత గారూ, ఈ చివరి సంగతి నేను ఎప్పుడూ అలా కలిపి చూడలేదు. జూలియా, ద సర్వెంట్ రెండూ లిస్టులో పెట్టుకున్నాను.

నా మాట కొంచెం మార్చి చెప్తాను. ఆయనకి లైటింగ్‌లో ముద్ర లేదనే ఇప్పటికీ అంటాను. కానీ రైడర్స్ మళ్ళీ కొంత చూశాను నిన్న రాత్రి. ఎంత గందరగోళం జరుగుతున్నా ఎవరు ఎక్కడ ఉన్నారో, ఎటు పరిగెడుతున్నారో, చేతిలో ఏముందో ఒక్క క్షణం కూడా అయోమయం ఉండదు. ఇప్పటి యాక్షన్ సినిమాల్లో నాకు కరువైంది అదే. మ్యాప్ రూమ్ సీన్‌లో ఆ కిరణం నేల మీద మెల్లగా జరుగుతుంటే డైలాగ్ ఒక్కటీ లేకుండా కథ నడిచిపోతుంది. స్పష్టంగా చూపించడమే ఆయన ముద్ర అంటే ఒప్పుకుంటా.

మద్రాస్_మెయిల్ రాశారు:

ఒప్పుకోవాల్సింది కూడా అదేనండీ. వార్తలు తీసినవాడికి రెండో టేక్ ఉండదు, అందుకని మొదటిసారే విషయం కనపడేలా నిలబడటం అలవాటవుతుంది. మన మార్కస్ బార్ట్‌లే గారిదీ ఇలాంటి దారే, ముందు పత్రికా ఫొటోగ్రాఫర్, తర్వాత న్యూస్‌రీల్ కెమెరామన్, ఆ తర్వాత వాహినీ, విజయా. పాతాళభైరవి, మాయాబజార్‌లో ఎన్ని ట్రిక్కులున్నా చూసేవాడికి ఏది ఎక్కడుందో తెలుస్తూనే ఉంటుంది. ఆయన వెన్నెల గురించి ఇక్కడ వేరే చర్చ ఉంది కాబట్టి అందులోకి పోను.

స్లోకోంబ్ చేసినవాటిలో పెద్దగా మాట్లాడుకోనివి ఇంకా చాలా ఉన్నాయి. ద ఇటాలియన్ జాబ్ (1969)లో ట్యూరిన్ వీధుల్లో, ఫియట్ ఫ్యాక్టరీ డాబా మీద ఆ చిన్న మినీ కార్ల పరుగు. దర్శకుడు నార్మన్ జ్యుయిసన్‌తో రెండు: ఇజ్రాయెల్ ఎడారిలో జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్, మ్యూనిక్‌లో బాస్కెట్‌బాల్ హాలుని వలయం ట్రాకుగా మార్చి తీసిన రోలర్‌బాల్. ఎడారి ఎండ ఒకదాంట్లో, హాలులో కొట్టొచ్చే తెల్ల లైట్లు ఇంకోదాంట్లో.

వేణు_విజయవాడ రాశారు:

చివరి రోజుల్లో ఆయనకి చూపు పోయిందని ఎక్కడో చదివాను, నిజమేనా?

సుజాత_లండన్ రాశారు:

దాదాపుగా పోయింది. ఒక కంటిలో రెటీనా ఊడింది, రెండో కంటికి చేసిన లేజర్ చికిత్స ఫలించలేదు. వందేళ్ళు దాటాక కూడా ఇంటర్వ్యూలు ఇచ్చాడు, బీబీసీ వాళ్ళకి పోలండ్ సంగతులు చెప్పినప్పుడు పేర్లు, వీధులు అన్నీ గుర్తున్నాయి. 2008లో బ్రిటిష్ ప్రభుత్వ గౌరవం ఓబీఈ ఇచ్చారు. అంతకుముందే బ్రిటిష్, అమెరికన్ సినిమాటోగ్రాఫర్ల సంఘాలు రెండూ జీవితకాల కృషికి గౌరవించాయి, తోటి పనివాళ్ళు ఇచ్చినవి కాబట్టి వాటి విలువ ఆస్కార్ కంటే తక్కువని నేను అనుకోను.

నైట్‌షో రాశారు:

ద సర్వెంట్ చూశాను. గోడ మీద ఆ గుండ్రటి కుంభాకార అద్దం ఉంది కదా, అందులో గది మొత్తం కనపడుతుంది, మనుషులంతా కనపడతారు. మరి కెమెరా, లైట్లు, యూనిట్ ఎందుకు కనపడవు? ఫోకస్_రింగ్ గారు చెప్పాలి.

ఫోకస్_రింగ్ రాశారు:

మామూలు అద్దంలో మీరు నిలబడిన కోణం మార్చుకుంటే తప్పించుకోవచ్చు, కుంభాకార అద్దంలో ఆ వీలు తక్కువ, ఎదురుగా ఉన్న సగం ప్రపంచాన్ని అది లోపలికి లాగేస్తుంది. ఆ షాట్‌కి ఆయన సరిగ్గా ఏం చేశాడో చూసినవాళ్ళే చెప్పాలి, మామూలుగా చేసేది ఇది: కెమెరాని అద్దానికి దూరంగా, ఒక పక్కకి, గదిలో అన్నిటికంటే చీకటిగా ఉన్న మూల పెడతారు, దాని చుట్టూ నల్లగుడ్డ కడతారు, అద్దంలో కెమెరా బొమ్మ గోరంత అయిపోయి ఆ చీకట్లో కలిసిపోతుంది. లైట్లు పైన, అద్దం అంచు దాటాక. మనుషుల మీద పడే వెలుగు ఆ చీకటి మూలకి చిందకుండా కోసెయ్యాలి, అసలు కష్టం అక్కడుంది, ఎందుకంటే ఆ గది షెపర్టన్ స్టూడియోలో వేసిన సెట్ అయినా లోసీ మాత్రం దాన్ని నిజం ఇల్లులా వాడుకుంటూ నటుల్ని పొడుగు టేకుల్లో గది నిండా తిప్పాడు. పాత ప్రింటు కాకుండా బాగుచేసి మళ్ళీ విడుదల చేసిన ప్రింటు దొరికితే అందులో చూడండి, ఆ నల్లదనంలో ఎన్ని ఛాయలున్నాయో అందులోనే తెలుస్తుంది.